తూటా పేల్చని అత్తగారు

ఆ రోజు ఉదయం పళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య మందుల షాపులో పనికి వెళ్ళిపోతుంది. అత్తగారు మోకాలి కోసం డాక్టరు చెప్పిన నడకకని పార్కుకు బయలుదేరతారు. ఇల్లు ఖాళీ అవుతుంది. అప్పుడు తాను అత్తగారి గదిలో దూరి, ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని, ఆవిడ ఆడే కౌబాయ్ ఆటను ఒక్క అరగంట ఆడి, ఏమీ ఎరగనట్టు లేచి వచ్చేస్తాడు. అంతే. ఇందులో ఎవరికీ నష్టం లేదు, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. కాఫీ తాగుతున్నంతసేపూ ఆయనకు అలాగే అనిపించింది.

పళ్ళాయన అంటే కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషి. పళ్ళ డాక్టరు కొలతలు తీసి పంపిస్తే, మైనంతో అచ్చు చేసి, పన్ను పక్కన పన్ను పేర్చి, సానపట్టి, ఊడిపోయిన నవ్వును మళ్ళీ నోట్లోకి పంపించడం ఆయన వృత్తి. వీధిలో ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయి చాలా కాలమైంది. డాక్టరు క్లినిక్‌కు రంగులు వేయిస్తున్నాడు కాబట్టి ఆ వారం ఆయనకు పని లేదు. పని లేని మనిషికి ఇంట్లో ప్రతి వస్తువూ వింతగానే కనిపిస్తుంది.

ఆ ఆటను తయారుచేసింది స్వయంగా బావమరిది. పాతకాలపు వీడియో గేముల పద్ధతిలో చేశాడు. గళ్ళు గళ్ళుగా కనిపించే బొమ్మలు, కీచుమనే సంగీతం, తెర అడుగున అక్షరాల్లో నడిచే మాటలు. ఒక ఎడారి ఊరు, చెక్క ఇళ్ళు, ఒక సారాకొట్టు, ఒక షెరీఫు, ఎక్కడో పోయిన బంగారు గని. గుర్రమెక్కి ఊరూరా వాకబు చేసుకుంటూ ఆ గనిని కనిపెట్టాలి. మోకాలి ఆపరేషన్ అయి మంచం మీదున్న తల్లికి కాలక్షేపంగా ఉంటుందని మూడు నెలల క్రితం తెచ్చి పెట్టాడు. బాణాల మీటలతో నడవడం, పక్కనున్న మీటతో మాట్లాడడం నేర్పాడు. అత్తగారు మంచం దిగారు గానీ ఆట మాత్రం వదల్లేదు.

విశేషమేమిటంటే, ఇన్నాళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా తుపాకీ పేల్చలేదు. దొంగలు ఎదురుపడితే మాటల్లో పెట్టి పంపించేసేవారు. తాగుబోతులు గొడవకు వస్తే పక్క సందులోంచి వెళ్ళిపోయేవారు. అది చూసి బావమరిదికి కళ్ళు చెమర్చాయి. తన ఆటకు 'తూటా పేల్చని కౌబాయ్' అని పేరే మార్చేశాడు. దాన్ని కొనడానికి ఒక పెద్ద కంపెనీ వాళ్ళు వస్తున్నారనీ, వాళ్ళకు అమ్మ ఆడుతుండగానే చూపిస్తాననీ, అమ్మ ఇక్కడ ఏ మీట నొక్కినా అక్కడ ఆఫీసు గోడ మీద కనిపిస్తుందనీ ఆదివారం భోజనాల దగ్గర చెప్పాడు. అది ఈ రోజేననీ, పదకొండింటికనీ కూడా చెప్పాడు. ఆ సమయంలో పళ్ళాయన దృష్టంతా గిన్నెలో మిగిలిన ఆఖరి ముక్క మీద ఉంది. "ఊఁ" అన్నాడు గానీ ఆ మాటలు చెవి దాటి లోపలికి పోలేదు.

పైగా ఆ ఆటను అందరికంటే ఎక్కువగా వెక్కిరించింది ఆయనే. "ఈ వయసులో మీ అమ్మకు గుర్రాలూ తుపాకులూ ఏమిటే" అని భార్యను రోజూ ఏడిపించేవాడు. ఇప్పుడు నాకూ ఆడాలనుందని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? అందుకే ఈ దొంగచాటు వ్యవహారం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పెళ్ళయిన నాటినుంచీ అత్తగారు ఆయన్ను "అల్లుడుగారూ" అనే పిలిచేవారు. మర్యాదకు లోటు లేదు. గుమ్మం అవతల నిలబెట్టి మాట్లాడినట్టు మాత్రం ఉండేది. పోయిన వారం ఆవిడకు కొత్త పళ్ళసెట్టు తానే చేసి, తానే పెట్టి, "ఏదైనా ఒక మాట అనండి అత్తయ్యగారూ, సరిగ్గా కూర్చుందో లేదో చూద్దాం" అన్నాడు. ఆవిడ దవడ అటూ ఇటూ ఆడించి, "బాగుంది నాయనా" అన్నారు. అప్పటినుంచీ పళ్ళాయనకు కాలు నేల మీద నిలవడం లేదు. ఒక్కటే అనుమానం పీకుతోంది. అది అభిమానంతో అన్నదా, లేక పళ్ళు పరీక్షించడానికి నోటికొచ్చిన మాటా? ఏదైతేనేం, దక్కిన ఆ ఒక్క నాయనానూ పోగొట్టుకోకూడదని ఆయన గట్టిగా అనుకున్నాడు. అత్తగారి ముందు దగ్గు కూడా ఆపుకుంటున్నాడు.

భార్య ఎప్పటిలాగే ఆలస్యమై, బాత్‌రూమ్ తలుపు దభాలున వేసి పరుగెత్తింది. ఆ తలుపు గట్టిగా వేస్తే లోపలి గడియ దానంతటదే పడిపోతుంది. కాస్త పైకెత్తి లాగితే మళ్ళీ వస్తుంది. ఆ కిటుకు ఇంట్లోవాళ్ళకే తెలుసు. కాసేపటికి అత్తగారు కూడా చేతికర్ర తీసుకుని, "తలుపు వేసుకోండి" అని వెళ్ళిపోయారు. పళ్ళాయన తలుపు వేసుకుని, చేతులు రుద్దుకుంటూ ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు.

తెర వెలిగింది. సంగీతం కీచుమంది. ఎండిన నేల, రెండు బ్రహ్మజెముడు చెట్లు, ఒక వీధి. వీధి మొదట్లో నీలం గౌను, నడుముకు తుపాకీ ఉన్న హీరోయిను. పక్కన నిగనిగలాడే గోధుమరంగు గుర్రం. దాన్ని చూసి ఆయన ముచ్చటపడేలోగా తెర అడుగున అక్షరాలు వచ్చాయి. 'గుర్రం పేరు: అల్లుడు. కడుపు: నిండుగా ఉంది. ఒంట్లో: భేషుగ్గా ఉంది.'

పళ్ళాయన నోరు తెరిచి, మూయడం మరిచిపోయాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. అల్లుడే. మూడు నెలలుగా ఈ ఇంట్లో తన పేరు మీద ఒక గుర్రం మేస్తోంది. తనకు తప్ప అందరికీ తెలుసన్నమాట! భోజనాల దగ్గర తల్లీకూతుళ్ళు "అల్లుడికి ఇవాళ నాలుగు నాడాలు వేయించాను" అని నవ్వుకోవడం గుర్తొచ్చింది. ఏదో ఆడవాళ్ళ మాటలే అనుకున్నాడు అప్పుడు.

ఆ దెబ్బ నుంచి తేరుకోకుండానే వీధిలోకి నడిచాడు. మొదటి కొట్టు బార్బరుది. గుమ్మంలో నిలబడ్డ బార్బరు, "గడ్డం గీయనా?" అన్నాడు. వద్దు బాబూ అని మర్యాదగా చెప్పాలి. ఏ మీట నొక్కాలి? పళ్ళాయన కీబోర్డును పనిమంతుడి చూపుతో పరిశీలించాడు. అన్నిటికంటే పొడుగ్గా ఉన్నది అన్నిటికంటే ఎక్కువ వాడే పనికే పెట్టి ఉంటారు. మనుషులు ఎక్కువగా చేసే పని మాట్లాడడం. కాబట్టి ఆ పొడుగు మీటే నొక్కాడు.

ఢాం!

బార్బరు చేతిలో కత్తి గాల్లోకి ఎగిరింది. బార్బరు నేల మీదకు ఒరిగాడు. తెర అడుగున అక్షరాలు నెమ్మదిగా వచ్చాయి. 'నువ్వు చేసింది ఈ ఊరు మరిచిపోదు.'

పళ్ళాయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. మూడు నెలలుగా చీమ కూడా చావని ఊళ్ళో, కూర్చున్న నిమిషానికే మనిషిని చంపేశాడు. అంతలో షెరీఫు పరుగెత్తుకొచ్చి, "ఏం జరిగిందిక్కడ?" అన్నాడు. పొరపాటైందని చెప్పుకోవాలి. కంగారులో వేలు మళ్ళీ తెలిసిన చోటికే పోయింది. షెరీఫుతో పాటు ఆయన వెనకున్న సహాయకుడు కూడా ఒకే తూటాకు పడిపోయాడు. బావమరిది పనితనం అలాంటిది.

అప్పుడు వీధి చివరి కొట్టులోంచి కొలతల టేపుతో ఒక బక్కపలచటి మనిషి వచ్చాడు. శవపేటికలు చేసే వడ్రంగి. వంగి దండం పెట్టి, "మూడు నెలలుగా ఈగలు తోలుకుంటున్నాను తల్లీ. ఇన్నాళ్ళకు నా మొహం చూశావు" అన్నాడు. ఆ కృతజ్ఞతకు పళ్ళాయనకు చెమటలు పట్టాయి.

చేసిందంతా చెరిపేసే మార్గం కోసం వెతికాడు. లేదు. పాతకాలపు పద్ధతి అని బావమరిది ఊరికే అనలేదు. ఏం చేసినా అక్కడికక్కడే రాసిపెట్టుకుంటుంది, వెనక్కి పోవడం లేదు. ఊరొదిలి పారిపోదామని పరుగు తీస్తే గుర్రాల వ్యాపారి అడ్డొచ్చి, "ఎన్నిసార్లడిగినా ఈ గుర్రాన్ని ఇవ్వనన్నావు. ఇవాళైనా ఇస్తావా? బదులుగా నా టోపీ తీసుకో" అన్నాడు. పొడుగు మీట జోలికి పోకూడదని ఈసారి జాగ్రత్తగా దాని పైనున్న మీట నొక్కాడు పళ్ళాయన. దానర్థం 'సరే' అని నొక్కాకే తెలిసింది. వ్యాపారి కళ్ళెం పట్టుకుని నడిపించుకుపోయాడు. గుర్రం ఒక్కసారి ఆగి వెనక్కి తిరిగి చూసింది. 'నిన్ను వదిలి వెళ్ళడం అల్లుడికి ఇష్టం లేదు' అన్నాయి అక్షరాలు.

పళ్ళాయనకు అవమానం మాట మరిచిపోయి ఆ గుర్రం కోసం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. బావమరిది.

"బావా, అమ్మెలా ఉంది?" వెనకాల ఎవరో గుసగుసలాడుతున్నారు.

"బానే ఉంది. ఏం?"

"ఏం చేస్తోంది?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని పళ్ళాయనకు అప్పుడు తెలియదు. "ఆట ఆడుకుంటోంది" అన్నాడు.

"అదే బావా! అదే చూస్తున్నాం! వీళ్ళు గంట ముందే వచ్చేశారు. గోడ మీద తెర పెట్టి, మా అమ్మ చీమక్కూడా హాని చెయ్యదండీ అని చెప్పాను. చెప్పి ఇటు తిరిగేసరికి షెరీఫు పోయాడు!"

ఆదివారం చెవి దగ్గరే ఆగిపోయిన మాటలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే బుర్రలోకి దిగాయి.

"ఒక్కసారి అమ్మకివ్వు ఫోను" అన్నాడు బావమరిది.

"బాత్‌రూమ్‌లో ఉంది" అంటూ నీరసంగా బల్ల మీదకు వాలాడు పళ్ళాయన. మోచెయ్యి కీబోర్డు మీద పడింది. ఢాం! అవతల ఎవరో కెవ్వుమన్నారు.

"బావా." బావమరిది గొంతు పీలగా వచ్చింది. "అమ్మ బాత్‌రూమ్‌లో ఉంటే, సారాకొట్టులో పియానో వాయించే ముసలాణ్ణి ఎవరు కాల్చారు?"

"ఇప్పుడే వచ్చింది. వచ్చి, కాల్చి, మళ్ళీ వెళ్ళింది."

"ఎందుకు?"

"కోపంగా ఉంది."

"అమ్మకు కోపమా? ఎవరి మీద?"

పళ్ళాయన గదంతా కలయజూశాడు. తాను తప్ప ఎవరూ లేరు. "నా మీదే" అన్నాడు.

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. "ఇప్పుడర్థమైంది. అందుకే అల్లుణ్ణి టోపీకి అమ్మేసింది."

ఇంకొక్క తూటా పేలితే పరువు మిగలదని, ఫోను పెట్టేసిన మరుక్షణం పళ్ళాయన చేతికి అందిన మొదటి తీగను లాగి పడేశాడు. అది ఇంటర్నెట్ డబ్బాది. ఇక తాను ఏం చేసినా ఆ గోడ మీద కనిపించదు కదా అని ఊపిరి పీల్చుకున్నాడు. కనిపించకపోతే అవతలివాళ్ళు ఏమనుకుంటారో మాత్రం ఆయన ఆలోచించలేదు.

అవతలివాళ్ళు ఒక్కటే అనుకున్నారు. ఎన్నడూ కోపమెరగని పెద్దావిడ, అల్లుడితో గొడవపడి, నలుగురిని చంపి, ప్రాణంలా పెంచుకున్న గుర్రాన్ని వదులుకుని, ఉన్నట్టుండి తెర చీకటైపోయిందంటే ఇంకేమనుకుంటారు? బావమరిది ముందు అక్కకు ఫోను చేశాడు. తర్వాత బావ పక్కింటాయనకు చేశాడు.

పక్కింటాయన్ను వీధిలో సైరన్ అంటారు. అగ్నిమాపక దళంలో చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా హడావుడి వదల్లేదు. పాలు పొంగిన వాసన వచ్చినా ఇనుప టోపీ పెట్టుకుని గోడ దూకుతాడు. ఈసారి నిజమైన కబురే అందింది కాబట్టి చేతిలో గునపం కూడా ఉంది.

"పెద్దావిడ ఎక్కడ?" అన్నాడు, పళ్ళాయన తలుపు తీయగానే లోపలికి దూసుకొస్తూ.

"బాత్‌రూమ్‌లో" అంది పళ్ళాయన నోరు. ఆయన చెప్పాలనుకున్నది పార్కులో అని. కానీ అంతకుముందు చెప్పిన అబద్ధం ఇంకా నాలుక మీదే కూర్చుని ఉంది.

సైరన్ వెళ్ళి తలుపు తోశాడు. రాలేదు. పొద్దున భార్య దభాలున వేసిన పుణ్యమా అని లోపల గడియ పడి ఉంది. "అమ్మా! పలకండమ్మా!" అని అరిచాడు. పలుకు లేదు. "లోపల గడియ ఉంది, మనిషి ఉలకడం లేదు, పలకడం లేదు!" అంటూ గునపం ఎత్తాడు.

"ఆగండి, ఆ తలుపు కాస్త పైకెత్తి..." అనబోయాడు పళ్ళాయన. మాట పూర్తయ్యేలోగా తలుపే మొత్తం పైకి లేచి, చట్రంతో సహా ఊడి, హాల్లోకి వచ్చి పడింది. గోడ సున్నం ఇద్దరి నెత్తి మీదా రాలింది. లోపల ఒక బకెట్టు, ఒక చెంబు, పైన చిన్న కిటికీ. మనిషి జాడే లేదు. సైరన్ నిర్ఘాంతపోయి కిటికీ వైపు చూశాడు. అది తెరిచి ఉంది. పిల్లి దూరాలన్నా ఇబ్బందిపడే కిటికీ అది.

సరిగ్గా అప్పుడే భార్య వచ్చింది. ఒంటి మీద షాపు తెల్లకోటు అలాగే ఉంది, చేతిలో ఫోను, ఫోన్లో తమ్ముడు. నేల మీద తలుపునూ, తెల్లబడ్డ ఇద్దరు మగవాళ్ళనూ చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"ఏవండీ, అమ్మేదీ?"

"కిటికీలోంచి వెళ్ళిపోయినట్టున్నారమ్మా" అన్నాడు సైరన్ గంభీరంగా.

"మోకాలి ఆపరేషనైన మనిషి కిటికీలోంచా!" భార్య గొంతు ఇల్లంతా మోగింది. "ఏవండీ, ఏమన్నారు మీరు మా అమ్మను?"

"నేనేమీ అనలేదే!"

"అనకుండానే మా అమ్మ అంతమందిని కాల్చేసిందా? అల్లుణ్ణి అమ్మేసిందా? ఆ గుర్రమంటే అమ్మకెంత ప్రాణమో తెలుసా మీకు? ఎవరడిగినా ఇవ్వలేదు. తను తినకుండా దానికి పెట్టింది."

ఇంత గందరగోళంలోనూ పళ్ళాయన ఆగలేకపోయాడు. "ముందు ఒకటి చెప్పు. దానికి నా పేరెందుకు పెట్టారు?"

"పెట్టింది తింటుంది, చెప్పిన చోటికి వస్తుంది, ఎదురు చెప్పదు. ఇంకే పేరు పెట్టాలి?" అంది భార్య. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో తేల్చుకునే ఓపిక ఆయనకు లేకపోయింది. చెల్లని నాణెంలా నిలబడ్డాడు.

"నేను పోలీసులకు చెప్తాను" అన్నాడు సైరన్. ఫోన్లోంచి బావమరిది, "నేను వచ్చేస్తున్నా అక్కా" అని ఏడుపు గొంతుతో అన్నాడు. పళ్ళాయనకు చెప్పక తప్పదని అర్థమైంది. పెదవులు తడుపుకున్నాడు. నోరు తెరిచాడు.

"బాత్‌రూమ్ తలుపు హాల్లో ఉందేం?" అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

అందరూ ఒక్కసారిగా తిరిగారు. అత్తగారు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో రొట్టె పొట్లం. చెంగుతో మెడ మీది చెమట తుడుచుకుంటున్నారు. భార్య పరుగున వెళ్ళి కావలించుకుంది. సైరన్ ఇనుప టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయన మొహంలో సంతోషంతో పాటు కాస్త నిరాశ కూడా కనిపించింది.

"ఎక్కడికి పోయావమ్మా?"

"ఎక్కడికేమిటే, రోజూ పోయే పార్కుకే. పదకొండింటికి తమ్ముడికి ఆట చూపించాలని త్వరగానే వచ్చాను. ఈయన నెత్తిన సున్నమేమిటి?" అంటూ ఆవిడ తన గదిలోకి నడిచారు. ఎవరూ ఆపలేకపోయారు. పళ్ళాయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

ముగ్గురూ వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డారు. అత్తగారు తెర వైపే చూస్తున్నారు. ఖాళీ వీధి. బార్బరు కొట్టు ముందు కత్తి ఒక్కటే మెరుస్తోంది. కొత్త శవపేటికలు వరసగా గోడకు ఆనించి ఉన్నాయి. హీరోయిను నెత్తిన తనకు ఏమాత్రం నప్పని టోపీ. పక్కన గుర్రం లేదు.

"అల్లుడుగారూ" అన్నారు అత్తగారు, తిరగకుండానే.

పళ్ళాయనకు ఆ పిలుపుతోనే తెలిసిపోయింది. అయిపోయింది. నాయనా పోయింది. మళ్ళీ గుమ్మం అవతలికి వచ్చి పడ్డాడు.

"నేనే అత్తయ్యగారూ" అన్నాడు. ఇక ఆగలేదు. పొద్దున పథకం దగ్గర నుంచి తలుపు దాకా అంతా గడగడా చెప్పేశాడు. భార్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది. సైరన్ గునపాన్ని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు. ఫోన్లో బావమరిది, "బావా!" అని ఒక్క కేక పెట్టి ఆగిపోయాడు.

"బార్బరును మీరే కాల్చారా?" అన్నారు అత్తగారు.

"నేనే."

"షెరీఫును?"

"నేనే. సహాయకుడు మాత్రం తనే అడ్డొచ్చాడు."

"అల్లుణ్ణి ఎందుకిచ్చారు?"

"టోపీకి" అన్నాడు నేల చూస్తూ.

"టోపీకి!" ఆవిడ గిర్రున తిరిగారు. మొహం కందిపోయింది. "ఈ టోపీకా! బంగారు గనిలో సగమిస్తానన్నా ఇవ్వని అల్లుణ్ణి, ఈ చిల్లుల టోపీకా!" మరోసారి తెర వైపు చూశారు, మళ్ళీ పళ్ళాయన వైపు చూశారు. గొంతు తగ్గించి అడిగారు. "ఏ మీట?"

"ఏంటండీ?"

"కాల్చే మీట. ఏది నొక్కారు?"

పళ్ళాయన వేలితో పొడుగు మీట చూపించాడు. అత్తగారు దాన్ని ఎగాదిగా చూశారు. కళ్ళజోడు సవరించుకుని వంగి మరీ చూశారు.

"ఇది మీటా? నేను అలంకారానికి అంటించిన పట్టీ అనుకున్నానే!"

ముందుగా తేరుకున్నది భార్య. "అంటే... అమ్మా, నువ్వు కావాలనే కాల్చకుండా ఆడలేదా?"

"కావాలనా! మూడు నెలలుగా ఆ బార్బరు గాడు రోజూ పొద్దున్నే గడ్డం గీయనా అంటాడే! నన్ను పట్టుకుని! రోజూ వాణ్ణి ఎలా కాల్చాలా అని వెతుక్కుంటున్నాను. నడుముకు తుపాకీ కట్టి పంపించాడు మీ తమ్ముడు, దాన్నెలా పేల్చాలో చెప్పలేదు. నడక చెప్పాడు, మాట్లాడడం చెప్పాడు. అంతే. ఏం చెయ్యను? మాట్లాడి పంపించాను."

మూడు నెలలు తిరిగి, వందమందికి చెప్పి, ఆట పేరు కూడా మార్చుకున్న బావమరిది ఫోన్లోంచి బతిమాలాడు. "అమ్మా, మరి ఆ దొంగల్ని క్షమించి వదిలేశావు కదా..."

"వదలక ఏం చెయ్యమంటావురా? ఆ డబ్బాకు లైటు లేదేం? పెట్టండి ముందు" అంటూ ఆవిడ కుర్చీ లాక్కున్నారు. పళ్ళాయన గబగబా తీగ పెట్టాడు.

కూర్చోబోతూ ఆవిడ ఒక్క క్షణం ఆగారు. నోట్లో వేళ్ళు పెట్టి పళ్ళసెట్టు తీసి, చెంగుతో తుడిచి, పళ్ళాయన అరచేతిలో పెట్టారు. "కోపంలో పళ్ళు కొరికితే విరిగిపోతుంది. కష్టపడి చేశావు" అన్నారు. సెట్టు లేని నోట్లోంచి మాట మెత్తగా, గాలితో కలిసి వచ్చింది. "ఇలా వచ్చి పక్కన కూర్చో నాయనా. తూటాలు ఎన్ని మిగిల్చావు?"

పళ్ళాయన చేతిలో ఉన్న పళ్ళ వైపు చూశాడు, ఆవిడ బోసినోటి వైపు చూశాడు. ఈ నాయనాకు పళ్ళతో సంబంధం లేదు. ఆయన ముక్కు ఎగబీల్చుకుని, ముక్కాలి పీట లాక్కుని పక్కన కూర్చున్నాడు. "చాలానే ఉన్నాయి అత్తయ్యా" అన్నాడు. గారు అనడం మరిచిపోయినట్టు ఆయనకే తెలియలేదు.

"అమ్మా, వద్దు!" ఫోన్లో బావమరిది మొత్తుకున్నాడు. "వాళ్ళింకా ఇక్కడే ఉన్నారు! తూటా పేల్చని..." ఎవరో అతని చేతిలోంచి ఫోను లాక్కున్నట్టు చప్పుడైంది. కొత్త గొంతు వినిపించింది. "పెద్దావిణ్ణి ఎవరూ ఆపకండి. మేం కూర్చున్నాం."

అత్తగారు ఎవరి మాటా వినిపించుకోలేదు. ఎడారి ఊరి వీధిలో నీలం గౌను చకచకా నడిచింది. గుర్రాలశాల ముందు వ్యాపారి నవ్వుతూ ఎదురొచ్చి, "టోపీ నప్పిందా?" అన్నాడు. అత్తగారు బొటనవేలు పైకెత్తి, మూడు నెలల బాకీ అంతా కూడదీసుకుని, అలంకారపు పట్టీ మీద దించారు. లోపల కట్టేసి ఉన్న గోధుమరంగు గుర్రం తాడు తెంచుకుని వచ్చి ఆవిడ పక్కన నిలబడింది. 'అల్లుడు నిన్ను మరిచిపోలేదు' అన్నాయి అక్షరాలు. పళ్ళాయన చెంపలు తుడుచుకున్నాడు. సైరన్ చప్పట్లు కొట్టాడు. అత్తగారు మాత్రం గుర్రం ఎక్కకుండా, సారాకొట్టు వైపు తిరిగారు. అక్కడ ఇన్నాళ్ళూ మాట్లాడి పంపించేసిన దొంగలు ఆరుగురున్నారు.

ఆ మధ్యాహ్నానికి శవపేటికల వడ్రంగి కొట్టు ముందు ఒక కొత్త బోర్డు వేలాడింది: 'పనివాళ్ళు కావలెను.'